ఓరిమియే ఆరాధన: విలియం కేరీ జీవితము

తెలుగునకు వ్యాకరణములు రచించిన పాశ్చాత్యులను తలచుకొనునపుడు మనకు మొదట స్ఫురించు పేరు సి.పి. బ్రౌను. కొంచెము వెనుకకు పోయి చూచినవారు 1816లో మద్రాసున వ్యాకరణమును వెలువరించిన ఏ.డి. క్యాంబెలును గూడ స్మరింతురు. ఆ యిరువురికంటెను ముందు, 1814లో, వంగదేశమున హుగ్లీ నదీతీరమందలి శ్రీరాంపురములో ఇంగ్లీషున ఒక తెలుగు వ్యాకరణము అచ్చయ్యెను. దాని కర్త విలియం కేరీ. ఆయన ఆంధ్రదేశమున కాపురముండినవాడు కాడు. తెలుగు పలుకు నిత్యము చెవిని బడు చోట బ్రదికినవాడును కాడు. ఆ గ్రంథమును గూర్చి పెక్కుమంది యెరుగని విశేషము మరియొకటి కలదు. అది రెండుమారులు వ్రాయబడిన పుస్తకము. మొదటి వ్రాతప్రతి 1812లో అగ్నికి ఆహుతి కాగా, ఆయన మరల మొదటి అక్షరమునుండి ఆరంభించి రెండేండ్లలో దానిని లోకమునకు అందించెను.

ఆ రెండవ వ్రాతయందే కేరీ జీవిత రహస్యము ఇమిడియున్నది. ప్రార్థనయందు ఓరిమి వలెనని క్రైస్తవ గ్రంథములు పదే పదే బోధించును. అయితే ఓరిమి యనగా నేమి? కోరిన కోరిక నెరవేరువరకు కన్నులు మూసికొని కూర్చుండుటయా? యాకోబు వ్రాసిన పత్రికలో ఓరిమికి చెప్పబడిన ఉపమానము వానకై ఎదురుచూచు సేద్యగానిది. వాన సేద్యగాని చేతిలో లేదు. దుక్కి అతని చేతిలోనిదే. విత్తనము అతని చేతిలోనిదే. కలుపు తీయుటయు అతని పనియే. వాన వచ్చుదాక అతడు పొలమును విడువడు. కేరీ ప్రార్థనయు, బైబిలు పఠనమును, ఆత్మ వికాసమును ఈ సేద్యగాని రీతిగనే సాగినవి. ఆ సేద్యమున పండిన పంట యెంత, దానికై ఆయనయు ఆయన ఇంటివారును చెల్లించిన వెల యెంత యనునది తెలిసికొనదగిన విషయము.

విలియం కేరీ 1761 ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండులో నార్తాంప్టన్ మండలమందలి పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఎడ్మండు మొదట నేతపనివాడు. పిమ్మట గ్రామ పాఠశాలకు ఉపాధ్యాయు డయ్యెను. బాలునకు చెట్టు చేమలయందును, పురుగు పుట్రలయందును ఎడతెగని ఆసక్తి. పొలము పనికి పోవలెనని తలచెను గాని, ఎండ సోకినచో బాధించు చర్మవ్యాధి యుండుటచే అది సాగలేదు. అందువలన ఒక చెప్పులు కుట్టువాని యొద్ద పని నేర్చుటకు చేరెను. ఆ యజమాని యింట నున్న పుస్తకములలో ఒక బైబిలు వ్యాఖ్యానము కలదు. అందు నడుమ నడుమ గ్రీకు పదములు కనబడుచుండెను. కుర్రవాడు వానిని ఉన్నవి ఉన్నట్లు కాగితముపై దింపుకొని, స్వగ్రామమున చదువెరిగిన యొక నేతవానికి చూపి అర్థము తెలిసికొనుచుండెను. కడపట పదులకొలది భాషల బైబిలు పనికి కారకుడైన వాని విద్యాభ్యాసము ఈ విధముగా, ఒక్కొక్క అక్షరమును చేత దింపుకొనుటతో మొదలయ్యెను.

ఆ దుకాణములోనే జాన్ వార్ అను తోడి పనివాడు ఒక డుండెను. కేరీ రాజ్యమతమైన ఆంగ్ల సంఘమున పెరిగినవాడు. వార్ దానితో సంబంధము లేని స్వతంత్ర సంఘమువాడు. ఇరువురును కత్తియు తోలును చేత బట్టుకొని మతమును గూర్చి వాదులాడుకొనెడివారు. వాదమున కేరీదే పైచేయి. మనస్సునకు మాత్రము నెమ్మది లేకపోయెను. వార్ విసుగు చెందక, పుస్తకము లిచ్చుచు, ప్రార్థనా కూటములకు పిలుచుచు వచ్చెను. 1779లో కేరీ ఆ కూటములకు పోనారంభించెను. 1783 అక్టోబరు 5వ తేదీన నార్తాంప్టనులోని నెన్ నదియందు బాప్తిస్మము పొందెను. మెరుపు మెరసినట్లు వచ్చిన మార్పు కాదది. ఒక స్నేహితుని ఓపిక సంవత్సరముల తరబడి చేసిన పని. ఇతరుల విషయమున ఓర్పు వహింపవలసిన వాడు, తానే ఒకరి ఓర్పునకు ఫలమైనవాడు.

1781లో ఆయన డొరతీ ప్లాకెట్ అను నామెను వివాహమాడెను. ఆమె వయస్సున ఆయనకంటె పెద్దది, చదువు లేనిది, వివాహపు పుస్తకమున పేరునకు బదులు గీత గీసినది. మొదటి బిడ్డ పసితనముననే జ్వరముచే మరణించెను. ఆ జ్వరమే కేరీకిని సోకి ప్రాణము దక్కెనే గాని తలవెండ్రుకలు పోయెను. 1785లో మోల్టన్ అను గ్రామమున చిన్న సంఘమునకు బోధకుడుగా కుదిరెను. పగలు బడి, రాత్రి చెప్పుల పని, ఆదివారము బోధ - మూడును కలిసినను ఇల్లు గడచుట కష్టముగనే యుండెను. అయినను ఆ బల్లయొద్దనే లాటిను, గ్రీకు, హెబ్రూ భాషలను పట్టుదలతో నేర్చెను. కాగితపు ముక్కల నతికి తానే వ్రాసిన ప్రపంచ పటమొకటి గోడకు వ్రేలాడుచుండెడిది. ఏ దేశమున ఎందరు జనులు, వారి మతమేమి యని తనకు తెలిసినదెల్ల అందు వ్రాసికొనెను. ఆ పటమే ఆయనకు ప్రార్థనా పుస్తక మయ్యెను.

ఆ ప్రాంతపు బాప్టిస్టు సంఘములవారు 1784లో ఒక నిర్ణయము చేసికొనిరి. ప్రతి మాసమున మొదటి సోమవారము సాయంకాలము ఒక గంట కాలము కూడి, సువార్త లోకమంతట వ్యాపించుటకై ప్రార్థింపవలె ననునదే ఆ నిర్ణయము. దీనిని సూచించినవాడు జాన్ సట్‌క్లిఫ్. వారందరు పల్లెటూరి బోధకులు, బీదలు. లోకమంతట ననుటయే గాని ఎట్లు, ఎవరు, ఏ ధనముతో అను ప్రశ్నలకు వారియొద్ద సమాధానము లేదు. అట్లే ఎనిమిదేండ్లు ప్రార్థించిరి. 1792లో కేరీ ఒక చిన్న పుస్తకము వ్రాసి, అన్యదేశములకు బోధకులను పంపుట క్రైస్తవుల విధియని లెక్కలతో వాదించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 2వ తేదీన కెటరింగులో ఒక విధవరాలి యింటి వెనుకగదిలో కొలది మంది కూడి మిషనరీ సంఘమును స్థాపించిరి. ఆనాడు వ్రాయబడిన చందా మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు.

హిందూదేశమునకు పోవుటకు కేరీ సిద్ధపడెను. డొరతీ సిద్ధపడలేదు. నెలలు నిండిన గర్భిణి. తన పల్లె దాటి యెరుగని స్త్రీ. సముద్రమన్నను, పరదేశమన్నను భయము. ఆమె నిరాకరించుట సహజమే. అయినను ఆయన పెద్దకుమారుని వెంటబెట్టుకొని బయలుదేరెను. ప్రయాణమున కలిగిన ఆటంకముచే ఓడ తప్పిపోగా, మరల ఇంటికి వచ్చి బతిమాలుకొనిన పిమ్మట, తన చెల్లెలు తోడు వచ్చునెడల వత్తునని ఆమె యొప్పుకొనెను. అప్పటికామె ప్రసవించి కొలది వారములు మాత్రమే యయినది. 1793 జూన్ 13వ తేదీన వారందరు ఒక డేనిషు ఓడలో బయలుదేరి, నవంబరు మాసమున కలకత్తా చేరిరి.

రాగానే కష్టములు చుట్టుముట్టినవి. సహచరుడైన డాక్టరు జాన్ థామస్ మంచివాడే గాని డబ్బు విషయమున నిలుకడ లేనివాడు. తెచ్చిన ధనము కొలది వారములలో కరగిపోయెను. ఈస్టిండియా కంపెనీవారికి మిషనరీలు గిట్టరు. సుందరవనముల యంచున అడవి నరికి గుడిసె వేసికొని బ్రదుకవలెనని కేరీ యత్నించెను. 1794లో మాల్దా ప్రాంతమందలి మద్నాబాటి యను నూరిలో జార్జి ఉడ్నీ అను దొర తన నీలిమందు కర్మాగారమునకు ఆయనను అధికారిగా నియమించుటచే తిండికి లోటు తీరెను. ఆ యేడే ఐదేండ్ల కుమారుడు పీటరు జ్వరముచే మరణించెను. ఆ యూర శవమును మోయుటకుగాని, గోయి త్రవ్వుటకుగాని మనుష్యులు దొరకుట గగన మయ్యెను. తండ్రియు అప్పటికి వ్యాధితో మంచము పట్టియుండెను.

ఆ దెబ్బకు డొరతీ మనస్సు విరిగెను. 1795 నాటికి ఆమెకు మతి చలించినది. భర్తను గూర్చి లేనిపోని యనుమానములు, కేకలు, ఒక్కొక్కపుడు మీదపడి కొట్టబోవుట - ఇట్లు పండ్రెండేండ్లు గడచి, 1807 డిసెంబరులో ఆమె కన్నుమూసెను. ఆమెను పిచ్చాసుపత్రికి పంపుమని హితులు చెప్పినను కేరీ సమ్మతింపలేదు. ప్రక్కగదిలో ఆమె కేకలు వినబడుచుండగా ఈవల గదిలో బైబిలు అనువాదము సాగుచుండెడిది. దీనిని చెప్పునపుడు జీవితచరిత్రకారులు తరచుగా కేరీ సహనమునే కొనియాడుదురు. కాని ఆ యింట సహించినది ఆయన యొక్కడే కాదు. తాను కోరని ప్రయాణము చేసి, తాను నేర్వని భాష నడుమ, బిడ్డను పోగొట్టుకొని నశించిన డొరతీ లేనిదే ఈ కథ పూర్తి కాదు. ఆయన పిలుపునకు ఆమె చెల్లించిన వెల ఏ పద్దులోను వ్రాయబడలేదు.

మద్నాబాటిలో గడచిన ఐదారేండ్లు కేరీ ప్రార్థనకు గొప్ప పరీక్ష. దినమెల్ల నీలిమందు తొట్ల యొద్ద పని. సాయంకాలము గ్రామములకు పోయి బోధ. రాత్రి మున్షీ రామరామ బసుతో వంగభాష పాఠము. స్వదేశమునుండి మొదటి జాబు చేరుటకు ఏడాదికి పైగా పట్టెను. బోధ విన్నవారు చాలమంది. మతము స్వీకరించినవా డొక్కడును లేడు. ఆ కాలమున ఆయన వ్రాసికొనిన దినచర్యలో భక్తుని గాంభీర్యముకంటె బలహీనుని నిట్టూర్పులే యెక్కువ. ప్రార్థింప గూర్చుండిన మనస్సు నిలువలేదనియు, హృదయము ఎండిపోయినదనియు, తనకంటె సోమరి లేడనియు మరల మరల వ్రాసికొనెను. కొన్ని దినములు వెలుగు. కొన్ని దినములు చీకటి. మరునాడు తెల్లవారగనే మరల బైబిలు తెరచుట, మరల మోకాళ్లూనుట మాత్రము మానలేదు. ఆత్మ వికాసమనగా అనుదినము ఉత్సాహము పెరుగుటయని ఆయన జీవితము చెప్పదు. ఉత్సాహము లేని దినమున గూడ నియమమును విడువకుండుటయే అందు కనబడును.

ఈ యెండిన దినములలోనే ఆయన క్రొత్త నిబంధనను వంగభాషలోనికి అనువదించెను, సంస్కృతమును అభ్యసించెను. ఉడ్నీ దొర కొయ్యతో చేసిన ముద్రణ యంత్రము నొకదానిని కొనియిచ్చెను. దానిని చూడవచ్చిన గ్రామస్థులు అది దొరల విగ్రహమని తలచిరట!

1800 జనవరిలో ఆయన శ్రీరాంపురము చేరెను. అది అప్పుడు డెన్మార్కు రాజు నేలుబడిలో నుండుటచే కంపెనీవారి నిషేధము అచట సాగదు. అంతకు మూడు నెలల ముందు ఇంగ్లండునుండి వచ్చిన జాషువా మార్ష్‌మన్ బడిపంతులు. విలియం వార్డు అచ్చుపని తెలిసినవాడు. ఈ మువ్వురును కుటుంబములతో ఒక్క కప్పు క్రింద కాపురముండి, ఆర్జనయంతయు ఉమ్మడి నిధిలో వేయుటకు ఒప్పుకొనిరి. ఇన్ని కుటుంబములు ఒక్కచోట నుండిన మనస్పర్థలు రాకమానవు. అందుచే వారు శనివారము సాయంకాలమును తగవులు తీర్చుకొనుటకే ప్రత్యేకించిరి. వారములో ఎవరిపై ఎవరికి కోపము కలిగినను ఆనాడు పైకి చెప్పుకొని, క్షమించుకొని, ఆదివారపు ఆరాధనకు పోవలెను. దైవమునెడల ఓర్పును గూర్చి వ్రాసినవారు పెక్కురు. ప్రక్కగదివానియెడల ఓర్పునకు వారమున కొక దినము కేటాయించినవారు అరుదు.

ఆ సంవత్సరము నవంబరులో కృష్ణపాల్ అను వడ్రంగి జారిపడగా చేయి కీలు తప్పెను. డాక్టరు థామస్ దానిని సరిచేసి, అతనితో సువార్తను గూర్చి మాటాడెను. 1800 డిసెంబరు 28వ తేదీన హుగ్లీ నదిలో కృష్ణపాల్ బాప్తిస్మము పొందెను. అదే దినమున కేరీ పెద్దకుమారుడు ఫెలిక్సును బాప్తిస్మము పొందెను. కేరీ ఈ దేశమున అడుగిడి అప్పటికి ఏడేండ్లు దాటినవి. ఆ సంతోష దినమునను గృహమున దుఃఖమే. ఒక గదిలో డొరతీ; మరియొక గదిలో, సంతోషాతిరేకముచే మతి తప్పిన థామస్. ఏడేండ్ల ప్రార్థనకు లభించిన సమాధానము ఒక్క వడ్రంగి. పంట చిన్నదని కేరీ చింతింపలేదు. ఆ కృష్ణపాల్ పిమ్మట బోధకుడై, కీర్తనకర్తయై, 1822లో మరణించువరకు సంఘమును సేవించెను.

1801లో వంగభాషలో క్రొత్త నిబంధన అచ్చు పూర్తి యయ్యెను. ఆ సంవత్సరమే కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలవారు కేరీని వంగభాషోపాధ్యాయుడుగా నియమించిరి. చెప్పులు కుట్టినవాడు కంపెనీ దొరలకు గురువయ్యెను. మొదట నెలకు 500 రూపాయలు, పిమ్మట 1,000 రూపాయలు జీతము. అందు చాలభాగము ఉమ్మడి నిధికే చేరెను. వంగభాషయందు గద్యరచన అప్పటికి బాల్యావస్థలో నుండెను. పాఠ్యపుస్తకములు లేవు. కేరీ తాను వ్యాకరణము వ్రాసి, మృత్యుంజయ విద్యాలంకారుడు, రామరామ బసు మున్నగు పండితులచే గద్యగ్రంథములు వ్రాయించెను. అందుచేతనే వంగవాఙ్మయ చరిత్రకారులు ఆయన పేరును గౌరవముతో తలతురు.

1806 జూన్ మాసమున ఇంగ్లండులోని మిత్రునకు ఆయన తన దినచర్యనొకదానిని వ్రాసి పంపెను. ఆరు గంటలకు ముందే లేచి హెబ్రూ బైబిలులో ఒక అధ్యాయము చదువుట. ఏడు గంటల వరకు ఏకాంత ప్రార్థన. పిమ్మట పనివారితో వంగభాషలో కుటుంబ ప్రార్థన. తేనీరు వచ్చులోగా మున్షీతో పారసీకము. పలహారమునకు ముందు హిందూస్తానీలో లేఖన భాగము. పిమ్మట పండితునితో రామాయణము అనువాదము. పదింటినుండి మధ్యాహ్నము వరకు కళాశాల. తరువాత యిర్మీయా గ్రంథపు వంగానువాదపు అచ్చు ప్రూఫులు దిద్దుట. భోజనమైన పిదప ప్రధాన పండితునితో మత్తయి సువార్తను సంస్కృతమునకు మార్చుట. సాయంకాలము ఆరు దాటగనే ఒక తెలుగు పండితునితో కూర్చుండి తెలుగు నేర్చుట! ఏడున్నరకు ఇంగ్లీషులో ఉపదేశము, మరల యెహెజ్కేలు గ్రంథపు అనువాదము, జాబులు వ్రాయుట, పరుండబోవుటకు ముందు గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయము.

ఆ పట్టికయందు ప్రార్థన యొకచోటను, చదువు మరియొకచోటను లేదు. హెబ్రూ అధ్యాయముతో మొదలై గ్రీకు అధ్యాయముతో ముగిసిన దినమున నడుమనున్న దంతయు ఆ రెంటికిని భాష్యమే. ఒక వాక్యమును ఇంకొక భాషలోనికి తేవలెనన్నచో దానిని త్వరగా చదివి విడుచుటకు వీలులేదు. ప్రతి పదము నొద్దను ఆగి, దీని అర్థమేమి, దీనికి సరియైన మాట యేది యని విచారింపవలెను. వేగము కోరు పాఠకునకు దొరకని లాభ మిది. కేరీకి అనువాదమే ధ్యాన మయ్యెను.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలము శ్రీరాంపురపు ముద్రణాలయములో కాగితముల కొట్టు అంటుకొనెను. ద్వారములును కిటికీలును మూసి, వార్డు పైకప్పు గుండ నీళ్లు పోయించి, మంటను చాలసేపు అణచి యుంచెను. ఎవరో కిటికీ తెరచుటతో గాలి చొరబడి మంట లేచెను. అర్ధరాత్రమునకు కప్పు కూలినది. కేరీ ఆనాడు కలకత్తాలో నుండెను. మరునాటి యుదయము మార్ష్‌మన్ పోయి వార్త చెప్పగా ఆయన కన్నీరు కార్చెను. కాలిపోయిన వానిలో అనేక భాషల అచ్చు అక్షరములు, కాగితము, బైబిలు అనువాదపు ప్రతులు, రామాయణానువాద భాగము, సంస్కృతమునకును దాని సోదర భాషలకును ఏండ్ల తరబడి కూర్చుచు వచ్చిన మహానిఘంటువు, తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి యుండెను. నష్టము వేలకొలది పౌనులు.

ఆ వచ్చు ఆదివారము కేరీ నలువది యారవ కీర్తననుండి, దేవుని యెదుట ఊరకుండుటను గూర్చి ఉపదేశించెను. ఊరకుండుటను గూర్చి పలికినవారు సోమవారము ఊరకుండలేదు. శిథిలములలో వెదుకగా అక్షరములు పోతపోయు ఉక్కు అచ్చులు చెడక దొరకినవి. కరగి ముద్దలైన సీసమును మరల కరగించి కొత్త అక్షరములు పోసిరి. కొలది వారములలో ముద్రణ మరల సాగెను. వార్త ఇంగ్లండు చేరగా రెండు నెలలు తిరుగకముందే సుమారు 10,000 పౌనులు పోగయ్యెను. కేరీ వ్రాతబల్లయొద్ద కూర్చుండెను. నడచిన దారినే మరల నడచుట బాధాకరమే యైనను, రెండవమారు త్రోవ తెలిసియుండుటచే అడుగు తప్పదని ఆయన మిత్రులకు వ్రాసి తన్ను తాను సమాధానపరచుకొనెను. తెలుగు వ్యాకరణ మట్లు రెండవమారు పుట్టినది. అన్నియు అట్లు పుట్టలేదు. మహానిఘంటువు మరల రాలేదు. రామాయణానువాదము మూడు సంపుటములతో నిలిచిపోయెను. పోయినదానిలో ఏది మరల చేయదగినది, ఏది విడువదగినది యని నిర్ణయించుటయు ఓరిమిలోని భాగమే.

ఈ శ్రమకు కలిగిన ఫలమును నిష్పక్షపాతముగా విచారింపవలెను. శ్రీరాంపురమునుండి సుమారు 40 భాషలలో బైబిలుగాని, దాని భాగములుగాని వెలువడినవి. వంగ, ఒరియా, హిందీ, మరాఠీ, సంస్కృత, అస్సామీ భాషలలో బైబిలు సంపూర్ణముగా వచ్చెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు అచ్చయ్యెను. కాని ఇన్ని భాషల నొక్కచోట కూర్చుండి పరిష్కరించుటలో దోషములు దొరలినవి. వానిలో పెక్కు అనువాదములు ప్రజల నోట నిలువలేదు. తెలుగు నిబంధనయు అట్టిదే. విశాఖపట్టణమున తెలుగువారి నడుమ నివసించి పనిచేసిన లండను మిషనువారి అనువాదములే తెలుగునాట వేరూనినవి. కేరీ ఈ లోపముల నెరుగకపోలేదు. తన వంగ నిబంధననే ఆయన జీవితాంతము దిద్దుచుండెను. ఎనిమిదవ కూర్పు దిద్దుట ముగియునప్పటికి 1832వ సంవత్సరము వచ్చినది. తన వ్రాత కడపటిదని యెన్నడును తలంపలేదు.

సహగమన నిషేధమునందును ఆ నిదానమే కనబడును. 1799లో ఒక విధవను చితిపై నుంచుట ఆయన కన్నులార చూచి, అడ్డుపోయి, వారింపలేక మరలెను. నాటినుండి లెక్కలు సేకరించుచు, శాస్త్రగ్రంథములను పండితులచే పరిశీలింపజేయుచు, అధికారులకు విన్నవించుచు వచ్చెను. రామమోహన రాయల వంటి దేశీయుల కృషియు తోడై, 1829 డిసెంబరులో బెంటింకు ప్రభువు నిషేధ శాసనము గావించెను. దానిని వంగభాషలోనికి మార్చుమని కాగితము కేరీ చేతికి వచ్చినది ఆదివారము. ముప్పదేండ్లు కాచుకొనిన యా మనుష్యుడు ఆనాడొక్క గంటయు ఆలసింపలేదు. ఉపదేశమును మరియొకరికి అప్పగించి, ప్రొద్దుగుంకులోగా అనువాదము పూర్తిచేసెను. ఆలస్యమైన కొలదిని ప్రాణములు పోవునని ఆయన యెరుగును. ఎచట కాచుకొనవలెనో, ఎచట కాచుకొనరాదో తెలియుటయే ఓరిమికి వివేకము.

గృహమున మాత్రము ఆయన ఓరిమి ఒక్కొక్కపుడు ఉపేక్షగా మారెను. తల్లి మతి చలించి, తండ్రి పుస్తకములలో మునిగియుండగా నలుగురు కుమారులు అదుపులేక పెరిగిరి. వారిని దిద్ది దారికి తెచ్చినవారు ముఖ్యముగా వార్డును, మార్ష్‌మన్ భార్య హన్నాయును. ఫెలిక్సు 1807లో బర్మాకు మిషనరీగా పోయెను. 1814లో ఐరావతీ నదిలో పడవ మునిగి అతని భార్యాబిడ్డలు మరణించిరి. అతడు మిషను పని విడిచి బర్మా రాజునకు రాయబారియై, ఆడంబరమున అప్పులపాలై, సరిహద్దు కొండలలో దిక్కులేక తిరుగజొచ్చెను. తండ్రి కతనిపై కోపముకంటె దుఃఖమే యెక్కువ. జాబులు వ్రాయుచు, ప్రార్థించుచు, తలుపు తెరచి యుంచెను. 1818లో వార్డు అతనిని కనుగొని శ్రీరాంపురమునకు తెచ్చెను. పిమ్మట ఫెలిక్సు 1822లో మరణించువరకు తండ్రి ప్రక్కనే అనువాదములందు తోడ్పడెను. తిరిగి వచ్చిన కుమారుని తండ్రి అనుభవించిన కాలము నాలుగేండ్లు.

కేరీ కొరకు ప్రార్థించినవారిలో ఒకరిని మరువరాదు. ఆయన చెల్లెలు మేరీ యౌవనముననే పక్షవాతమున పడి, సుమారు 50 సంవత్సరములు ఇంగ్లండులో మంచము విడువలేదు. చాలకాలము మాటయు పోయెను. అన్న వ్రాసిన జాబులు చదివించుకొనుచు, ఆ పనికై దినదినము ప్రార్థించుటయే ఆమె చేసిన సేవ. అన్న ఓరిమికి అచ్చుపుస్తకములు సాక్ష్యము పలుకును. ఆమె ఓరిమికి సాక్ష్యము పలుకునది ఆ మంచమొక్కటే.

కడపటి పదమూడేండ్లు వియోగముల కాలము. 1808లో వివాహమాడిన షార్లెటు రూమోర్, విద్యావతి, ఆయన పనియందు తోడైన యిల్లాలు, 1821లో మరణించెను. మరుసటి యేడు ఫెలిక్సు, 1823లో వార్డు. ఆ సంవత్సరమే కేరీ పడవనుండి దిగుచు పడి తొంటి గాయముచే మంచమెక్కియుండగా, దామోదర నదికి వరద వచ్చి ఆయన పెంచిన తోటను ముంచెత్తెను. దేశదేశముల మొక్కలు తెచ్చి నాటిన తోట అది. లేచి నడువగలిగిన వెంటనే విత్తనములకై జాబులు వ్రాసి, మరల నాటించెను. 1827లో స్వదేశపు సంఘముతోనే ఆస్తుల విషయమున భేదము కలిగి శ్రీరాంపురము వేరుపడెను. 1792లో తాను స్థాపించిన సంఘముచేతనే అనుమానింపబడుట ఆయనకు అగ్నికంటె ఎక్కువ తాపము కలిగించెను.

1834 జూన్ 9వ తేదీన, 72వ యేట, విలియం కేరీ శ్రీరాంపురమున మరణించెను. ఇంగ్లండు విడిచిన పిమ్మట నలువది యేండ్లలో ఒక్కమారును స్వదేశమునకు పోలేదు. తన సమాధిపై బిరుదములుగాని, చేసిన పనుల పట్టికగాని వ్రాయరాదని మరణశాసనమున ఆదేశించెను. పేరు, జనన మరణముల తేదీలు, ఐజక్ వాట్సు కీర్తనలోని రెండు పాదములు మాత్రము చాలునని కోరెను. ఆ పాదములందు దీనుడైన పాపి దైవము చేతులలో వ్రాలుట యున్నది. మద్నాబాటి దినచర్యలో నిట్టూర్చిన మనుష్యుడే ఆ రాతిమీదను ఉన్నాడు.

మరణమునకు ముందు ఆయన తన అన్నదమ్ముల సంతతివాడైన యుస్టేసు కేరీకి ఒక సంగతి చెప్పియుండెను. తన మరణానంతరము ఎవరైన తన చరిత్ర వ్రాసినచో, విడువక మెల్లమెల్లగా పని సాగించువాడని మాత్రము వ్రాసిన న్యాయము చేసినట్లే. అంతకు మించి వ్రాసినదెల్ల అతిశయోక్తి యని. ఇది కేవలము వినయము కాదు. ప్రతిభ యుండియు సగములో విడిచినవారిని ఆయన చూచియుండెను. సోమవారపు ప్రార్థన, హెబ్రూ అధ్యాయము, చేతివ్రాతలో ఒక్కొక్క పుట - ఇవి ప్రతిభావంతులకే గాక సామాన్యులకును అందుబాటులోనివే. కాలిపోయిన వ్యాకరణమును మరల మొదటి పుటనుండి వ్రాసినవాడు సామాన్యులకు మిగిల్చిన ధైర్యము ఇది.